దడ పంప్‌దా, ఆయాసానిదా?

“పంప్ కొట్టుకుంటే గుండె దడదడలాడుతోందండీ, అందుకే మానేశాను.” ఊపిరితిత్తుల డాక్టర్ల ఓపీలో కాసేపు కూర్చుంటే ఈ మాట ఎవరో ఒకరి నోట వినపడుతుంది. పక్కనున్న బంధువు వెంటనే అందుకుంటారు: “మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాం, ఆ పంప్ గుండెకు మంచిది కాదని.”

వాళ్లు చెప్పేది అబద్ధమేమీ కాదు. ఆస్తమా ఉన్నవాళ్లకు ఆయాసాన్ని అప్పటికప్పుడు తగ్గించే ఆస్తాలిన్ లాంటి రిలీవర్ ఇన్‌హేలర్లలో, అంటే ఈ పంప్‌లలో, ఉండే సాల్బుటమాల్ గుండె వేగాన్ని పెంచగలదు. మందు డబ్బాలో మడిచి పెట్టిన కాగితం మీద ఆ సంగతి రాసే ఉంటుంది. ఆ కాగితం మీద లేనిది ఇంకొకటి ఉంది. మందు వేసుకోకుండా వదిలేసిన ఆయాసం గుండెను అంతకంటే ఎక్కువ పరుగెత్తిస్తుంది. దడ ఒకటే, కారణాలు రెండు. ఒకదానికి మందు తగ్గించాలి, రెండోదానికి మందు వెయ్యాలి. ఇది తెలియక మొదటిదానికి భయపడి రెండోదాన్ని మీదకు తెచ్చుకునేవాళ్లు చాలామంది.

అందుకే ముందు మందుల సంగతి పక్కన పెట్టి, ఆస్తమా ఒక్కటే గుండెను ఏం చేస్తుందో చూద్దాం.

ఆయాసం వచ్చినప్పుడు శ్వాసనాళాల చుట్టూ ఉండే సన్నని కండరాలు బిగుసుకుంటాయి. లోపలి పొర వాస్తుంది, కఫం అడ్డు పడుతుంది. గాలి ఎలాగో లోపలికి వెళ్తుంది కానీ బయటికి రావడమే కష్టం. పిల్లికూతలు ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వినపడేది అందుకే. లోపల మిగిలిపోయిన గాలితో ఛాతీ ఉబ్బిపోతుంది. ఆ ఉబ్బిన ఛాతీతోనే మళ్లీ ఊపిరి పీల్చాలి. దాంతో మామూలుగా పని లేని మెడ కండరాలు కూడా లాగడం మొదలుపెడతాయి, పక్కటెముకల మధ్య కండరాలు మరింత గట్టిగా లాగుతాయి. కూర్చున్నచోటే మనిషి మెట్లెక్కుతున్నంత పని చేస్తున్నాడన్నమాట. ఆ కండరాలకు రక్తం అందించాల్సింది గుండే కదా.

దీనికి తోడు ఊపిరితిత్తుల్లో కొన్ని భాగాలకు గాలి సరిగా చేరదు, రక్తం మాత్రం అక్కడికి వెళ్లి ఆక్సిజన్ తీసుకోకుండానే వెనక్కి వస్తుంది. మెడలోని పెద్ద రక్తనాళాల దగ్గర రక్తంలో ఆక్సిజన్‌ను కనిపెట్టుకుని ఉండే కణాలున్నాయి. అది తగ్గితే అవి మెదడుకు కబురు పెడతాయి. అప్పుడు అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది. ఇక టెన్షన్ సంగతి చెప్పనక్కర్లేదు. ఊపిరి ఆడనివాడికి “కంగారు పడకు” అని చెప్పడం నీళ్లలో మునుగుతున్నవాడికి చెప్పడం లాంటిదే. గంటల తరబడి ఎగశ్వాసతో ఉన్న మనిషి మంచినీళ్లు కూడా సరిగా తాగడు. ఒంట్లో నీరు తగ్గినా నాడి పెరుగుతుంది.

అందుకే ఆస్తమా ఎంత తీవ్రంగా ఉందో కొలిచే పట్టికల్లో నాడికి చోటుంది. బ్రిటన్ వైద్యులు వాడే పద్ధతిలో, ఆయాసంతో ఉన్న పెద్దవాళ్లలో నాడి నిమిషానికి 110 లేదా అంతకు మించి ఉంటే అది తీవ్రమైన దాడి కిందికి వస్తుంది. ఐదేళ్లు దాటిన పిల్లల్లో ఆ హద్దు 125, అంతకంటే చిన్నపిల్లల్లో 140. ‘గినా’ అనే అంతర్జాతీయ ఆస్తమా సంస్థ మార్గదర్శకాల్లో పెద్దలకు 120 అని ఉంటుంది. అంకెలో చిన్న తేడా ఉన్నా ఉద్దేశం ఒకటే. మందు ఇంకా మొదలుపెట్టక ముందే గుండె పరుగెడుతుంటే, ఆ పరుగుకు మూలం ఊపిరితిత్తుల్లోనే ఉంది.

ఇలాంటి మనిషికి నెబ్యులైజర్, అంటే మందును పొగమంచులా చేసి పీల్పించే మెషీన్, పెట్టారనుకుందాం. అందులో ఉన్నదీ గుండె వేగాన్ని పెంచే మందే. మరి నాడి ఇంకా పెరగాలి కదా? చాలామందిలో జరిగేది దానికి తలకిందులు. శ్వాసనాళాలు తెరుచుకుని, ఊపిరి పీల్చే శ్రమ తగ్గేకొద్దీ నాడి కూడా దిగి వస్తుంది. మందు పెంచే నాలుగు అంకెల కంటే ఆయాసం పెంచిన ముప్పై నలభై అంకెలు పెద్దవి మరి.

నాడి దిగడం ప్రతిసారీ మంచి కబురే అనుకోకూడదు. ఊపిరి పీల్చినప్పుడు నాడి కొట్టుకోవడంలో బలం కాస్త తగ్గడం అందరిలోనూ ఉండేదే. అప్పుడు పై రక్తపోటు 10 మిల్లీమీటర్ల లోపు పడుతుంది, మనకు తెలియను కూడా తెలియదు. తీవ్రమైన ఆస్తమాలో ఛాతీ లోపలి ఒత్తిడి విపరీతంగా మారిపోతుంటుంది కాబట్టి ఈ తేడా బాగా పెరుగుతుంది. మణికట్టు పట్టుకుంటే ఊపిరి పీల్చినప్పుడల్లా నాడి సన్నబడుతుంది. రోగి అలసిపోయి గట్టిగా పీల్చే శక్తి కోల్పోతే ఆ తేడా మాయమవుతుంది, పిల్లికూతలు కూడా ఆగిపోతాయి. పైకి చూసేవాళ్లు “హమ్మయ్య, తగ్గింది” అనుకుంటారు. కూత పుట్టడానికి కూడా గాలి కదలాలి, అక్కడ గాలే కదలడం లేదు. మనిషి మగతగా ఉండి, ఆయాసం తీరకుండా నాడి నెమ్మదించిందంటే ప్రాణం మీదకు వచ్చినట్టే. ఇంట్లో ఉంటే ఆ క్షణమే 108కి ఫోన్ చెయ్యాలి.

ఇప్పుడు మందుల సంగతి.

కుక్క వెంటపడితే పరుగు లంకించుకుంటాం. ఆ సమయంలో ఒంట్లో అడ్రినలిన్ ఒకేసారి రెండు పనులు చేస్తుంది. గాలి ఎక్కువ రావడానికి శ్వాసనాళాలను తెరుస్తుంది, రక్తం ఎక్కువ పారడానికి గుండెను వేగంగా కొట్టిస్తుంది. శరీరం దృష్టిలో ఇవి రెండూ ఒకే పనిలో భాగాలు. దీనికి ఎదురుగా వేగస్ అనే నరం ఉంది. పేరులో వేగం ఉన్నా అది చేసేది వేగాన్ని తగ్గించడమే. గుండెను నెమ్మదింపజేస్తుంది, శ్వాసనాళాలను కాస్త బిగిస్తుంది. రాత్రి నిద్రలో వేగస్‌ది పైచేయి, అడ్రినలిన్ బాగా తగ్గి ఉంటుంది. ఆస్తమా ఉన్నవాళ్లు తెల్లవారుజామున మూడు నాలుగింటికి లేచి కూర్చోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

మందులు కనిపెట్టినవాళ్లు పడిన తిప్పలన్నీ ఈ జంట పనుల్ని విడదీయడానికే. 1900 ప్రాంతంలో జపాన్ శాస్త్రవేత్త జోకిచి టకమినే అడ్రినలిన్‌ను స్ఫటికాలుగా వేరుచేశాడు. కొద్ది ఏళ్లలోనే దాన్ని ఆస్తమాకు ఇంజెక్షన్‌గా వాడటం మొదలైంది. ఆయాసం తగ్గేది, గుండె మాత్రం గుర్రంలా పరుగెత్తేది. ఆ తర్వాత ఐసోప్రెనలిన్ వచ్చింది. 1956లో, ఇప్పుడు మనం వాడే తరహా నొక్కుడు పంప్ అమెరికాలో తయారయ్యాక అది జేబుల్లోకి చేరింది. 1960లలో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ లాంటి దేశాల్లో ఆస్తమా మరణాలు ఒక్కసారిగా పెరిగాయి. మోతాదు బాగా పెంచి అమ్మిన ఐసోప్రెనలిన్ పంప్‌ల మీదకు అనుమానం వెళ్లింది. గుండె మీద మందు ప్రభావమా, లేక పంప్‌ను నమ్ముకుని ఆసుపత్రికి ఆలస్యంగా రావడమా అన్నది అప్పట్లో పెద్ద చర్చ. నన్నడిగితే ఆ రెండో అనుమానం ఇవాళ్టికీ వర్తిస్తుంది. పంప్ మీద మనవాళ్లకున్న భయానికి తాత అక్కడెక్కడో ఉన్నాడు.

అడ్రినలిన్ కణాల మీద అతుక్కునే చోట్లు రెండు రకాలని, వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టి 1948లో చెప్పింది రేమండ్ ఆల్‌క్విస్ట్. 1967లో ఆ బీటాలోనూ రెండు రకాలున్నాయని తేలింది. గుండెలో ఎక్కువగా ఉండేది బీటా-1, శ్వాసనాళాల్లో ఉండేది బీటా-2. దాంతో దారి దొరికింది. బీటా-2ను మాత్రమే ఎంచుకుని పనిచేసే సాల్బుటమాల్‌ను బ్రిటన్‌లో డేవిడ్ జాక్ బృందం తయారుచేసింది, 1969లో అది అమ్మకానికి వచ్చింది. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నది అదే.

మరి బీటా-2 మీదే పనిచేస్తే దడ ఎందుకు? మొదటి కారణం, ఆ విభజన మనం అనుకున్నంత శుభ్రంగా లేదు. గుండెలోనూ బీటా-2 ఉంది. చోటును బట్టి ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉండొచ్చు. రెండోది, కాళ్లు చేతుల కండరాలకు వెళ్లే రక్తనాళాల్లో కూడా బీటా-2 ఉంది. మందు వాటిని వెడల్పు చేస్తే రక్తపోటు కొంచెం పడుతుంది, ఆ లోటు పూడ్చడానికి గుండె వేగం పెంచుకుంటుంది. కండరాల్లోనే ఉన్న బీటా-2 వల్ల చేతులు వణుకుతాయి. దడ, వణుకు జంటగా వచ్చేది అందుకే.

మూడోదాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఈ మందులు రక్తంలోని పొటాషియంను కణాల లోపలికి నెట్టేస్తాయి. రెండు పఫ్‌లకు, అంటే పంప్ రెండుసార్లు నొక్కితే, ఏమీ కాదు. వెంటవెంటనే నెబ్యులైజర్ పెట్టి, దానికి తోడు స్టెరాయిడ్ ఇచ్చి, ఆ మనిషి బీపీకో కాళ్ల వాపుకో మూత్రం ఎక్కువయ్యే మాత్రలు కూడా వాడుతుంటే పొటాషియం బాగా పడిపోవచ్చు. పొటాషియం తగ్గిన గుండె లయ తప్పే ప్రమాదముంది. ఆసుపత్రిలో ఆస్తమా రోగికి రక్తపరీక్షలో పొటాషియం చూసేది ఊరికే కాదు.

ఇక్కడ కాస్త లెక్క వేసుకుంటే చాలా భయాలు తీరతాయి. సాల్బుటమాల్ పంప్ ఒక్కసారి నొక్కితే 100 మైక్రోగ్రాములు వస్తుంది. రెండు పఫ్‌లంటే 200. అందులోనూ ఊపిరితిత్తుల్లోకి చేరేది కొద్ది భాగమే, మిగతాది నోట్లో, గొంతులో పడి కడుపులోకి పోతుంది. నెబ్యులైజర్‌లో పోసే మందు 2.5 మిల్లీగ్రాములు, అంటే కాగితం మీద 25 పఫ్‌లకు సమానం. కాకపోతే అందులో చాలావరకు గాలిలోకే పోతుంది. ఇక 4 మిల్లీగ్రాముల సాల్బుటమాల్ మాత్ర ఉంది. అది 40 పఫ్‌లతో సమానమైన మందు, పైగా రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగాకే ఊపిరితిత్తులకు చేరుతుంది.

మన ఇళ్లలో ఆలోచన మాత్రం ఇందుకు సరిగ్గా రివర్స్‌లో ఉంటుంది. “పంప్ అలవాటైపోతుంది, ఘాటు మందు. మాత్ర అయితే నయం.” నలభై పఫ్‌లంత మందు మింగుతూ, రెండు పఫ్‌లకు భయపడతాం. దడ గురించే బెంగ అయితే మొదట మానాల్సింది మాత్ర. పిల్లల దగ్గు సిరప్‌లదీ ఇదే కథ. సీసా మీద చిన్న అక్షరాల్లో టెర్బుటలిన్ అనో, లెవోసాల్బుటమాల్ అనో ఉంటే అది వట్టి దగ్గు మందు కాదు, ఇదే కుటుంబానికి చెందింది. రాత్రి సిరప్ తాగిన పిల్లాడు నిద్రపోకుండా గెంతుతుంటే, చేతులు వణుకుతుంటే ఆ లేబుల్ ఒకసారి చదవండి.

లెవోసాల్బుటమాల్ అంటే గుర్తొచ్చింది. ‘ఇది గుండెకు ఇబ్బంది లేని రకం’ అని దాని గురించి ప్రచారం ఉంది. సాల్బుటమాల్‌లో పనిచేసే సగాన్ని మాత్రమే వేరుచేసి తయారుచేసిన మందు అది. ఆలోచన బాగుంది కానీ, పక్కపక్కన పెట్టి పోల్చిన పరీక్షల్లో నాడి విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

తేడా నిజంగా కనిపించేది స్పేసర్‌తో. పంప్‌ను నేరుగా నోట్లో కొట్టుకోకుండా, మధ్యలో ఆ ప్లాస్టిక్ గొట్టం పెడితే గొంతులో పడే మందు తగ్గి ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది పెరుగుతుంది. మరీ ప్రమాదకరం కాని దాడుల్లో స్పేసర్‌తో ఇచ్చిన పఫ్‌లు నెబ్యులైజర్‌కు సమానంగా పనిచేస్తాయని, పిల్లల్లో నాడి వేగం స్పేసర్‌తోనే తక్కువగా ఉంటుందని ఎన్నో పరీక్షలను కలిపి చూసినప్పుడు తేలింది. మనకు మాత్రం మెషీన్ మోత వినపడితేనే వైద్యం జరిగినట్టు. స్పేసర్ కొనలేని చోట ఏం చేయాలన్నదానికి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ డాక్టర్లు 1999లో జవాబు చూపించారు. అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున పంప్ పట్టేంత రంధ్రం చేసి, సందులు మూసేసి వాడితే పిల్లల్లో కొన్న స్పేసర్ అంత బాగానూ పనిచేసింది.

డెరిఫిలిన్ గురించి విడిగా చెప్పుకోవాలి. ఆయాసంతో వెళ్లగానే ఆర్‌ఎంపీ గారు ‘డెరిఫిలిన్, డెకాడ్రాన్ (ఒక స్టెరాయిడ్) కలిపి’ ఒక ఇంజెక్షన్ చెయ్యడం మన పల్లెల్లో తరాలుగా ఉన్నదే. డెరిఫిలిన్‌లో ఉన్నది థియోఫిలిన్, దాని చుట్టం ఎటోఫిలిన్. థియోఫిలిన్‌ను 1888లో ఆల్బ్రెక్ట్ కోసెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త తేయాకు నుంచి తీశాడు. కాఫీలోని కెఫీన్‌కు ఇది తోబుట్టువు. గుండెను నెమ్మదింపజేసే అడినోసిన్ అనే పదార్థాన్ని ఇది పని చెయ్యనివ్వదు, అందుకే దడ. దీనితో అసలు చిక్కు ఏమిటంటే, పనిచేసే మోతాదుకు, హాని చేసే మోతాదుకు మధ్య సందు చాలా ఇరుకు. రక్తంలో లీటరుకు 10 నుంచి 20 మిల్లీగ్రాముల మధ్య ఉండాలని పాత లెక్క, ఇప్పుడు అంతకంటే తక్కువే చాలంటున్నారు. 20 దాటితే వాంతులు, దడ. ఇంకా పైకి పోతే గుండె లయ తప్పొచ్చు, ఫిట్స్ రావచ్చు. నరంలోకి గబగబా ఎక్కిస్తే ప్రమాదం మరీ ఎక్కువ.

పైగా ఈ మందు అందరిలో ఒకేలా ఉండదు. బీడీలో చుట్టలో కాల్చేవాళ్ల కాలేయం దీన్ని త్వరగా ఖర్చు చేసేస్తుంది. అదే మనిషి పొగ మానేస్తే పాత మోతాదే ఎక్కువైపోతుంది. సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయోటిక్స్ వేసుకున్నా రక్తంలో దీని మట్టం పెరుగుతుంది. జ్వరం, దగ్గు అని షాపులో యాంటీబయోటిక్ కొనుక్కుని, ఇంట్లో ఉన్న డెరిఫిలిన్ మాత్ర కొనసాగించేవాళ్లకు వచ్చే దడకు కారణం తరచూ ఇదే. దీని అవసరం ఇప్పుడు బాగా తగ్గింది, మన మందుల సంచుల్లోంచి మాత్రం పోలేదు.

మిగతావి త్వరగా చూసేద్దాం. బుడెసొనైడ్ లాంటి పీల్చే స్టెరాయిడ్లు, అంటే రోజూ వాడే కంట్రోలర్లు, మామూలు మోతాదులో గుండె వేగం జోలికి పోవు. మాంటెలుకాస్ట్ కూడా అంతే. ఇప్రాట్రోపియం వేగస్‌కు అడ్డుపడే మందే అయినా, పీల్చినప్పుడు రక్తంలోకి చాలా తక్కువ చేరుతుంది. ఫార్మొటెరాల్, సాల్మెటెరాల్ బీటా-2 కుటుంబానివే. మొదటి రోజుల్లో కొద్దిగా దడ, వణుకు ఉన్నా వాడేకొద్దీ చాలామందిలో సర్దుకుంటాయి.

ఇదంతా చదివాక “అయితే దడకు మాత్ర వేసుకుంటే సరి” అనిపించొచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లకు అన్నిటికంటే ప్రమాదకరమైన ఆలోచన అదే. గుండె దడకు, పార్శ్వపు తలనొప్పికి, స్టేజీ భయానికి, థైరాయిడ్ ఎక్కువైనప్పుడు వాడే ప్రొప్రనొలాల్ బీటా-1, బీటా-2 రెండింటినీ మూసేస్తుంది. సాల్బుటమాల్ తెరిచే తలుపుకే ఇది గడియ పెడుతుంది. ఒక్క మాత్రతో తీవ్రమైన ఆయాసం రావచ్చు, అప్పుడు పంప్ కూడా సరిగా పనిచెయ్యదు. గ్లకోమాకు కంట్లో వేసుకునే టిమొలాల్ చుక్కలు కూడా ఈ జాతివే. కంట్లో వేసిన చుక్క ముక్కులోకి జారి, అక్కణ్ణుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. పెద్దావిడకు కొత్తగా ఆయాసం ఎందుకు ఎక్కువైందో నెలల తరబడి వెతికి, చివరికి కంటి చుక్కల దగ్గర తేలడం వైద్యులకు తెలిసిన కథే. బిసొప్రొలాల్, మెటొప్రొలాల్ ఎక్కువగా బీటా-1నే మూస్తాయి కాబట్టి, గుండెకు తప్పనిసరి అయితే కార్డియాలజిస్టు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి చూస్తారు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఇది చదివి సొంతంగా ఆపేయొద్దు, ఉన్నట్టుండి ఆపితే గుండెకు వేరే ప్రమాదం. గుండె విపరీతంగా కొట్టుకుంటోందని ఎమర్జెన్సీకి వెళ్లినా ‘ఆస్తమా ఉంది’ అన్న మాట ముందే చెప్పాలి. అక్కడ మామూలుగా ఇచ్చే అడినోసిన్ ఇంజెక్షన్ శ్వాసనాళాలను బిగించగలదు.

పెద్దవయసులో ఇంకో తిరకాసు ఉంది. అరవై దాటాక మొదటిసారి పిల్లికూతలు వచ్చి, పడుకుంటే ఆయాసం ఎక్కువై, కాళ్లకు నీరు కూడా దిగుతుంటే అది ఆస్తమా కాకపోవచ్చు. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరినా అలాంటి కూతలే వస్తాయి. దాన్ని డాక్టర్లు కార్డియాక్ ఆస్తమా అంటారు. ఆ మనిషికి పక్కింటివాళ్ల పంప్ ఇస్తే ఇప్పటికే అలసిన గుండెకు ఇంకాస్త పని పెట్టినట్టే.

మామూలు ఆస్తమా రోగి మాత్రం దడ కంటే ముందు లెక్కపెట్టాల్సింది పఫ్‌లను. రిలీవర్ డబ్బాలో సాధారణంగా 200 పఫ్‌లుంటాయి. ఏడాదికి మూడు డబ్బాలు అయిపోతున్నాయంటే తీవ్రమైన దాడి వచ్చే ముప్పు పెరిగినట్టు. నెలకొకటి అయిపోతుంటే ప్రాణాపాయం ముప్పు కూడా పెరిగినట్టేనని గినా హెచ్చరిస్తోంది. సాల్బుటమాల్ కండరాన్ని సడలిస్తుంది అంతే, లోపలి వాపును ముట్టుకోదు. అందుకే 2019 నుంచి, పెద్దలు, కౌమారంలో ఉన్నవాళ్లు సాల్బుటమాల్ ఒక్కదాని మీదే ఆధారపడొద్దని, పీల్చే స్టెరాయిడ్ ఏదో ఒక రూపంలో తోడుండాలని ఆ సంస్థ చెబుతోంది. స్టెరాయిడ్, ఫార్మొటెరాల్ కలిసిన పంప్‌నే అవసరమైనప్పుడు రిలీవర్‌గా కూడా వాడే పద్ధతి అప్పుడే ముందుకొచ్చింది. వాపు తగ్గితే రిలీవర్ అవసరం తగ్గుతుంది, దాంతోపాటే దడ కూడా.

మరి ఇవాళ, ఈ పూట వచ్చిన దడ ఎవరిదో తెలుసుకోవడం ఎలా? పంప్ కొట్టుకోక ముందు ఒక నిమిషం నాడి లెక్కపెట్టండి. కొట్టుకున్న పావుగంటకు మళ్లీ చూడండి. ముందు మామూలుగా ఉండి, తర్వాత కాస్త పెరిగి, ఊపిరి హాయిగా ఆడుతూ, గంటా రెండు గంటల్లో దిగిపోతే అది మందుది. ముందే ఎక్కువగా ఉండి, పంప్ తర్వాత కూడా ఆయాసంతో పాటు అలాగే ఉంటే అది జబ్బుది. ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, నాడి క్రమం తప్పి కొట్టుకోవడం ఉంటే రెండూ కాకపోవచ్చు, ఈసీజీ తీయించాలి.

కోవిడ్ పుణ్యమా అని చాలా ఇళ్లలో ఇప్పుడు పల్స్ ఆక్సీమీటర్ ఉంది. దాని మీద రెండు అంకెలు కనపడతాయి, ఒకటి ఆక్సిజన్, రెండోది నాడి. అందరూ చూసేది ఆక్సిజన్ అంకెనే. “96 ఉంది, ఏం పర్లేదు” అని పడుకుంటారు. ఆస్తమాలో ఆక్సిజన్ చాలాసేపు నిలదొక్కుకుంటుంది, దాన్ని అలా నిలబెట్టడానికి గుండె, ఛాతీ కండరాలు పడుతున్న పాట్లు రెండో అంకెలో ముందే కనపడతాయి. 96 పక్కన 130 ఉండి, మనిషి ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతుంటే ఆసుపత్రికి బయల్దేరాల్సిందే. ఆక్సిజన్ 92 కంటే తగ్గేదాకా ఆగొద్దు. దారిలో స్పేసర్‌తో పఫ్‌లు కొడుతూనే ఉండండి. డాక్టరుకు ఫోన్ చేస్తే రెండు అంకెలూ చదివి వినిపించండి, ఎన్ని పఫ్‌లు కొట్టారో, చివరిది ఎంతసేపటి క్రితమో కూడా చెప్పండి.